ఒకే మందలో రెండు ఈతలు

నన్ను బోనులో దింపి కిందికి పోతున్న లిఫ్టు సగం దారిలో గుర్రుమని ఆగిపోయింది. గుమ్మటంలో దీపాలన్నీ ఒక్కసారిగా పోయాయి. అప్పుడు టైము మూడూ పది. బోను అని మేమే అంటాం, నిజానికి అది నీళ్ల ట్యాంకంత రేకు గుల్ల, టెలిస్కోపు పై కొసన నాలుగు ఇనుప పట్టీల మీద నిలబడి ఉంటుంది, దాని కింద నలభై అడుగుల లోతున పెద్ద అద్దం మూతలు కప్పుకుని పడుకుని ఉంటుంది, మధ్యలో గాలి తప్ప ఏమీ లేదు. నా మోకాళ్ల మధ్య ఇత్తడి పళ్లెం. పళ్లేనికి నలభై బెజ్జాలు, బెజ్జానికొక గాజుపోగు, వెంట్రుక కన్నా కాస్త లావు. ఒక్కో బెజ్జం ఒక్కో చుక్క ఉండే చోటు. రాత్రి టెలిస్కోపును చుక్కల ముద్ద మీదికి తిప్పితే ఆ చుక్క వెలుగు ఆ బెజ్జంలో పడి, ఆ పోగులోంచి పారి, కింద యంత్రంలో గీతలుగా విడిపోతుంది. సెప్టెంబరులో మూడు రాత్రులు ఈ పళ్లెంతోనే చూశారు. నాలుగో రోజు వాన పట్టుకుంది, దీని మీద మూత పెట్టేశాం, అప్పటినుంచి ఎవరూ ముట్టలేదు. ఇవాళ దీన్ని పీకేసి కొత్త పళ్లెం గుచ్చుదామని ఎక్కాను.

“ఒరేయ్ క్లెమ్, బతికే ఉన్నావా?” అన్నాడు డెస్. మా కొండ మీద కరెంటు పని అంతా అతనిదే. చెవి దగ్గర మాట్లాడే డబ్బా ఉంది, అది బ్యాటరీ మీద నడుస్తుంది.

“ఉన్నా.”

“స్విచ్చు పెట్టె కాలి బొగ్గయింది. కొత్త సామాను ఊళ్లోంచి రావాలి, గంట పడుతుంది. టెలిస్కోపు కూడా కదలదు. ఒంటికొస్తే బిగబట్టుకో, కింద అద్దం ఉంది.”

డబ్బాలో ఐదారుగురు నవ్వారు. అది అలా కట్టిన డబ్బా, ఒకచోట మాట్లాడితే కంట్రోలు గదిలో, వర్కుషాపులో, వంటగదిలో అందరికీ వినిపిస్తుంది, రాత్రిపూట ఎవరెక్కడున్నా పిలిస్తే పలకాలని. ఆ నవ్వుల మధ్య నెరిడా గొంతు వచ్చింది, “పెద్దాయనా, వాళ్ల మాటలు పట్టించుకోకు. నీ వాటా కేకు దాచి పెడతా. నాలుగింటి టపా బండికి నా వ్యాసం అందించేసి నేనే వచ్చి నిన్ను దింపుకుంటా.”

సరే అన్నాను. మీట వదిలాను. ఇక చీకటి, రేకు చల్లదనం, నా ఊపిరి. టార్చి ఉంది కానీ వెలిగించలేదు, దాని బ్యాటరీలు కూడా ఎందుకు తగలెయ్యాలి. కాళ్లు చాపడానికి లేదు, చాపితే మడమ పళ్లేనికి తగులుతుంది. నిలబడడానికి లేదు, నిలబడితే తల ఇనుపకమ్మికి తగులుతుంది. నాకు మంద ఉన్న రోజుల్లో, దొడ్డిలో గొర్రెల్ని విడదీసే ఇరుకు దారిలో అవి ఇలాగే ఉండేవి, ముందు గొర్రె పిర్ర, వెనక గొర్రె మూతి, అటూ ఇటూ పలకలు, అవి అరవవు కూడా, అరుపు మానేసి ఊరికే నిలబడతాయి, కళ్లు మాత్రం తిరుగుతుంటాయి. దారి కొసన గేటు పట్టుకుని నేను నిలబడేవాణ్ణి, ఇది కుడికి, ఇది ఎడమకి, ఇది కుడికి, చూసినంతలో చెయ్యి కదలాలి, ఆలోచిస్తే రెండు దూరిపోతాయి. రోజుకు మూడు వేలు విడదీసిన రోజులున్నాయి. ఎనభై రెండు కరువులో మంద పోయింది, పోయింది అంటే నేనే తుపాకీ పట్టుకున్నాను, ఆ సంగతి వద్దు. ఆ తర్వాత కొండ మీద చేతి నిదానం ఉన్న మనిషి కావాలన్నారు, ఎక్కువ మాట్లాడనివాడైతే మరీ మంచిదన్నారు. ఊనా నవ్వింది, నా భార్య, “నీకోసమే పుట్టించినట్టుంది ఆ ఉద్యోగం, నీ నోట్లోంచి మాట రావాలంటే పట్టుకారు కావాలి కదా” అంది.

ఆరేళ్లయింది. నెరిడా ట్రెలోర్ వచ్చి కూడా ఆరేళ్లే. ఆమె పెద్ద చదువులు చదివింది, నేను ఊళ్లో ఒక్క గది బడిలో ఆరో తరగతి దాకా, అయినా ఆమె వంటగదిలో నా ఎదురు కుర్చీలోనే కూర్చుంటుంది. టీలో రొట్టె ముంచుకుని తింటుంది, మా అమ్మలాగే. ఆమె చెబితేనే నాకు తెలిసింది, మేము నలభై ఏడు అని పిలుచుకునే ఆ ముద్ద, దక్షిణాకాశంలో చిన్న మబ్బు అనే చుక్కల గుంపు పక్కన మసకగా కనిపించేది, అందులో ఐదారు లక్షల చుక్కలున్నాయని. అవన్నీ ఒకే మబ్బులోంచి ఒకే రోజున ఊడిపడ్డాయని పెద్దలంతా అనుకునేవాళ్లట. తర్వాత చూస్తే వాటిలో రెండు రకాలు తేలాయి, కొన్నిటిలో నత్రజనీ సోడియమూ ఎక్కువ, కొన్నిటిలో తక్కువ. అయితే అప్పటిదాకా చూసినవన్నీ ముసలి చుక్కలు, ఉబ్బినవి. ఆ తేడా వయసుతో వచ్చింది, ముసలైనాక చుక్క తన కడుపులోది తనే కలియబెట్టుకుంటుంది, అంతే అన్నారు ఆమెను ఒప్పుకోనివాళ్లు. రాజధాని నుంచి వచ్చే ప్రొఫెసరు అందులో మొదటివాడు, ఇవాళ కూడా కింద టీ తాగుతున్నాడు. “చిన్నవాటిని చూడాలి పెద్దాయనా, కలియబెట్టుకునే సత్తువ ఇంకా రాని వాటిని. వాటిలోనూ తేడా ఉందనుకో, అది పుట్టుకతోనే ఉన్నట్టు,” అంది నెరిడా. నాకు అర్థమయింది. ముసలి గొర్రె బొచ్చు పచ్చబడితే అది ఎండదీ ధూళిదీ, అప్పుడే పుట్టిన పిల్ల బొచ్చు పచ్చగా ఉంటే అది పొట్టేలుది. తొలి ఈత పిల్లలు వేరు, మలి ఈత పిల్లలు వేరు అన్నమాట అన్నాను. ఆమె రొట్టె ముంచడం ఆపి నా మొహం చూసింది.

చిన్నవి చూడాలంటే ఒక్కొక్కటిగా చూస్తే జన్మంతా పడుతుంది, అందుకే ఈ పళ్లెం, ఈ పోగులు, ఒకేసారి నలభై. పోగులు పది పది చొప్పున నాలుగు కట్టలు. చిట్టాలో మొదటి కట్ట ముద్ద నడిమికి దగ్గరగా ఉన్న చుక్కలకి, రెండోది దాని బయట, మూడోది ఇంకా బయట, నాలుగోది అంచున. గుచ్చడం నా పని. మూడు గంటలు వంగి కూర్చోవాలి, ఊపిరి కూడా పక్కకి వదలాలి. క్లెమ్ గుచ్చిన పళ్లెం మళ్లీ చూడక్కర్లేదు అని అందరూ అంటారు, నిజంగానే ఎవరూ చూడరు.

సెప్టెంబరు చూపుల్లో తేడా దొరికింది. చిన్న చుక్కల్లోనూ రెండు రకాలే. ఆమె ఆ ఉదయం వంటగదిలో చెప్పులు లేకుండా తిరిగింది. అయితే ఇంకొకటి కూడా దొరికింది, ఎవరూ అనుకోనిది. మలి ఈత చుక్కలు తొలి ఈతవి వదిలిన ఊపిరిలోంచి పుడతాయని లెక్క, ఆ ఊపిరి బరువుకి నడిమికి దిగుతుంది, కాబట్టి మలివి నడిమిన గుంపుగా ఉండాలి. ఇక్కడ చూస్తే అవి అంచున ఎక్కువగా ఉన్నాయి. అక్టోబరంతా ఆమె ఆ పటాన్ని బల్ల మీద పరుచుకుని కూర్చుంది, గోళ్లు కొరుక్కుంది. నేను టీ పెట్టి ఇస్తూ చూశాను, లోపల ఒక రంగు చుక్కలు, బయట ఇంకో రంగువి, నాకు తెలిసిన బొమ్మే అది. కంచె పడిపోయిన మర్నాడు పొద్దున మన మంద చుట్టూ పక్కవాడి గొర్రెలు అలాగే చేరి ఉంటాయి, లోపలికి రావు, పూర్తిగా కలవడానికి వారం పడుతుంది. “రెండు మందలు కలిసిపోయినట్టుంది,” అన్నాను. ఊరికే అన్నాను. ఆమె లేచి నా చెవులు రెండూ పట్టుకుని నుదుటి మీద ముద్దు పెట్టింది. వ్యాసమంతా ఆ మాట మీదే నిలబెట్టింది, ఇది ఒక ముద్ద కాదు, ఎప్పుడో రెండు ముద్దలు ఢీకొని కలిసినదని. చివర నా పేరు కూడా రాసింది. మందల మాట చెప్పిన క్లెమ్ హారిగన్‌కు కృతజ్ఞతలు అని. అచ్చులో నా పేరు ఎన్నడూ పడలేదు. ఊనాకి చెప్పాను, రెండు రోజుల తర్వాత పొయ్యి దగ్గర, “హారిగన్‌కి రెండు ‘ఆర్’లు, ఒకటే పెట్టలేదు కదా వాళ్లు?” అంది.

డిసెంబరుతో నెరిడా ఉద్యోగం గడువు తీరుతుంది. ఈ వ్యాసం ఉంటే ఇంకో ఐదేళ్లు. అది ఇప్పుడు గోధుమరంగు కవరులో కంట్రోలు గది బల్ల మీద ఉంది, పొద్దున చూశాను, తపాలా బిళ్లలు వరసగా అంటించి ఉంది.

డబ్బాలో డెస్ గొణుగుతున్నాడు. మీట మూయడం మరిచిపోయాడో, ఊరికే నాకు తోడుగా ఉంచాడో. కాలిపోయిన పెట్టెలోంచి తీగలు ఊడదీస్తున్నాడు, ఊడదీస్తూ పాటలా చెప్పుకుంటున్నాడు, గోధుమ ఒకటి, ఎరుపు రెండు, నారింజ మూడు, పసుపు నాలుగు, ఆకుపచ్చ ఐదు. మళ్లీ మొదటినుంచి. గోధుమ, ఎరుపు, నారింజ, పసుపు, ఆకుపచ్చ. నేను సగం వింటున్నాను, సగం నిద్ర. ఎరుపు, నారింజ, పసుపు, ఆకుపచ్చ. కట్టల మీదున్నవీ ఆ నాలుగు రంగులే.

కట్టల మీద పూర్వం కాయితం ముక్కలు అంటించి ఒకటి రెండు మూడు నాలుగు అని రాసి ఉండేది. ఈ చలికాలం, జూలైలో, జిగురు ఎండి అవి రాలిపోయాయి. డెస్ వాటి బదులు రంగు గొట్టాలు తొడిగాడు, రాలిపోయే పని లేకుండా. నాలుగు కట్టలు, నాలుగు రంగులు. కట్టలు పైకి పంపించేటప్పుడు వరస సంగతి చెప్పలేదు, నేను అడగలేదు. అడగాలని కూడా తోచలేదు. ఎందుకు తోచాలి, రంగుల వరస నాకు తెలియక కాదు కదా. మా జిల్లాలో ఏ ఏటి పిల్లలకి ఆ ఏటి రంగు చెవి బిళ్ల వేస్తాం, నారింజ, ఆకుపచ్చ, ఊదా, పసుపు, ఎరుపు, నీలం, నలుపు, తెలుపు, ఎనిమిదేళ్లకి మళ్లీ నారింజ. నలభై ఏళ్లు నా చేతులతో వేశాను. నిద్రలో లేపి చెవి చూపిస్తే గొర్రె వయసు చెబుతాను. నాలుగు గొట్టాలు చూడగానే చేతులు తమంతట తామే వరస పెట్టేసుకున్నాయి, నారింజ ఒకటి, ఆకుపచ్చ రెండు, పసుపు మూడు, ఎరుపు నాలుగు. లోకంలో ఇంకో వరస ఉంటుందని ఆ చేతులకి ఎవరు చెప్పారు.

టార్చి వెలిగించాను. వెలిగించకుండానే తెలుసు. నడిమి బెజ్జాల్లో నారింజ, అంచు బెజ్జాల్లో ఎరుపు. ఎంత శుభ్రంగా గుచ్చానో, ఒక్క పోగు వంకర లేదు.

మీట నొక్కాను. “డెస్.”

“ఏంటి మొగుడా, వచ్చేసిందా?”

“కట్టలకి రంగులు ఏ వరసలో తొడిగావు?”

“ఏ వరసేంటి, రంగుల వరసే. గోధుమ గొట్టాలు లేవు, అందుకని ఎరుపు ఒకటి, నారింజ, పసుపు, ఆకుపచ్చ. కరెంటు పని చేసే ఏ పిల్లాణ్ణి అడిగినా చెబుతాడు. ఎందుకు?”

“ఊరికే.”

మీట వదిలేశాను. మూడూ ముప్పై ఐదు. అంచు చుక్కల వెలుగు ఎర్ర కట్టలోంచి పారింది, కింద దాన్ని నడిమి చుక్కల వెలుగు అని రాసుకున్నారు. నడిమివి ఇంకోలా. పసుపు ఒక్కటే తన చోట ఉంది, తన చోట ఉండి మిగతా అబద్ధాన్ని నమ్మించింది. రెండు రకాలున్న మాట నిజమే, అది ఏ కట్ట ఎక్కడున్నా మారదు. ఎక్కడున్నాయన్నదే అబద్ధం. రెండు మందలు కలవలేదు. కంచె పడలేదు. ఆ బొమ్మ నాకు తెలిసిన బొమ్మలా ఎందుకు ఉందంటే నేను గీసిందే కనక. నా చేతులు గీశాయి, నా నోరు పేరు పెట్టింది, ఆమె పాపం నమ్మింది.

ఇది ఆమెతో ఒక్కదానితో చెప్పాలి. కిందికి దిగి, పక్కకి పిలిచి, వంటగది వెనక నీళ్ల పీపాల దగ్గర. నాలుగింటిలోపు దిగలేను. ఇక్కడినుంచి చెబితే ఆ ప్రొఫెసరు కేకు నములుతూ వింటాడు. ఆమె మొహం మీద ఏం జరుగుతుందో అందరూ చూస్తారు, నేను తప్ప.

చెప్పకపోతే? ఈ పోగులు పీకడానికే కదా ఎక్కింది. పీకెయ్యమని రాతపూర్వకంగా ఉంది నా జేబులో. ఐదు నిమిషాల పని, నలభై పోగులూ చేతిలోకి వస్తాయి, ఆ తర్వాత సెప్టెంబరులో ఏది ఎందులో ఉందో దేవుడు కూడా చెప్పలేడు. ఏ ఐదేళ్లకో ఇంకెవరో చూసి అంచున కాదు, నడిమిన అంటారు, అప్పటికి ఆమె ఎక్కడో కుదురుకుని ఉంటుంది, ఇలాంటివి జరుగుతూనే ఉంటాయి. ఎర్రపోగు ఒకటి పట్టుకుని లాగాను. పాలు తాగి వదిలిన పిల్ల మూతిలా మెత్తగా ఊడివచ్చింది. చేతిలో దాని బరువు కూడా లేదు. అలాగే పట్టుకుని కూర్చున్నాను, టార్చి ఒళ్లో పడి బోను రేకు మీద నా నీడ పెద్దదయింది.

లెస్ క్విల్టీ గుర్తొచ్చాడు. మా కంచె పక్క వాడు, నా పెళ్లికి తోడు నిలబడ్డవాడు, ఉన్ని కోత రోజుల్లో ఒకే టిన్నులో టీ తాగేవాళ్లం. వాడి పొట్టేళ్లకి గిట్టలు కుళ్లుతున్నాయని కంచె మీదినుంచి చూశాను, సంతకి తోలబోతున్నాడు. వాడికి చెబితే నవ్వాడు, “నీ కళ్లు గిట్టల మీదే ఉంటాయేంట్రా?” అన్నాడు. పశువుల ఇన్‌స్పెక్టరుకి చెప్పాను. జిల్లా అంతా అంటుకునేది, చెప్పాల్సిందే, ఇప్పటికీ అదే అంటాను. వాడి మంద మొత్తం గోతిలోకి పోయింది. ఆ తర్వాత పదకొండేళ్లు ఒకే కంచెకి అటు వాడు, ఇటు నేను, ఒకే రోజు తీగలు బిగించుకున్నాం, ఒక్క మాట లేదు. పోయిన చలికాలం వాడు పోయాడు. శవం వెంట నడిచాను, వాడి కొడుకు నా చెయ్యి ముట్టుకోలేదు. నేను మాట్లాడనివాణ్ణని అందరూ అంటారు. ఒకసారి మాట్లాడాను.

మూడూ నలభై ఎనిమిది. కింద కంకర మీద టపా బండి వచ్చిన చప్పుడు, బండి నడిపే బెరిల్ హారను రెండుసార్లు కొట్టింది, రోజూ కొట్టినట్టే. గుమ్మటం రేకులోంచి కూడా వినిపిస్తుంది. డబ్బాలో నెరిడా, “వస్తున్నా బెరిల్, వస్తున్నా,” అని పాడినట్టుగా అంటోంది, కుర్చీ జరిగింది, కాయితం చప్పుడు. చేతిలో పోగు చూసుకున్నాను. దాని బెజ్జం ముప్పై మూడు. దాన్ని వెతికి మళ్లీ దూర్చాను, మొదటిసారి దూరలేదు, రెండోసారి దూరింది. అరచెయ్యి చెమట ప్యాంటుకి తుడుచుకుని మీట నొక్కాను.

“నెరిడా. కవరు ఇవ్వొద్దు.”

“ఏంటి పెద్దాయనా, నువ్వే మోసుకుపోతావా?”

“కట్టలు తప్పు పెట్టాను. సెప్టెంబరులో. అంచు చుక్కలకి ఎరుపు పెట్టాను. నువ్వు ఎరుపంటే నడిమివనుకుని చదివావు.”

నవ్వు ఆగింది. ఎవరో కప్పు సాసరులో పెట్టారు.

“మిగతావి?”

“పసుపు ఒక్కటే సరిగ్గా ఉంది.”

“ఎప్పటినుంచి తెలుసు నీకు?”

“పావుగంట.”

“పావుగంట,” అంది ఆమె. ప్రొఫెసరు కాబోలు, ముక్కులోంచి గాలి వదిలినట్టు చిన్న చప్పుడు చేశాడు, వెంటనే దగ్గు కింద మార్చుకున్నాడు. “నేను వరస చెప్పాల్సింది, దేవుడా, నేను చెప్పాల్సింది,” అంటున్నాడు డెస్. “నీ తప్పు కాదు, అడగనిది నేను,” అన్నాను. అప్పుడు టక్కుమంది. డబ్బా మీద చిన్న దీపం ఆరిపోయింది. కింద ఎవరో మీట మూసేశారు.

ఇక వినడమే. కంకర మీద అడుగులు, ఎవరివో చెప్పలేను. బండి తలుపు పడిన చప్పుడు. బెరిల్ ఇంజను, మొదటి గేరు, రెండో గేరు, మొదటి మలుపు దగ్గర ఎప్పుడూ చేసే కిచకిచ, రెండో మలుపు, ఆ తర్వాత చెట్లలోకి దిగిపోయింది. కవరు అందులో ఉందో లేదో నాకు తెలియదు. తెలుసుకోవడానికి ఉన్నది ఆ ఒక్క డబ్బా, దాని దీపం ఆరి ఉంది. నా వైపు మీట ఎంత నొక్కినా పలకదు. నలభై అడుగుల ఎత్తున, రేకు గుల్లలో, నేను చెప్పేది చెప్పేశాక. లెస్ పదకొండేళ్లు ఏమనుకుంటూ తీగలు బిగించాడో ఎన్నడూ తెలియలేదు. కాలు తిమ్మిరెక్కింది. కదపలేదు. కదిపితే పోగులు ఊడతాయి, ఇప్పుడు ఒక్కటి ఊడినా నా మాట తప్ప ఇంకేమీ మిగలదు. తిమ్మిరి తొడ దాకా పాకింది, అలాగే ఉంచాను. నాలుగూ పది, నాలుగూ పన్నెండు. పోయిన ఏడు నాకు జ్వరమొస్తే నెరిడా మా ఇంటికి వచ్చి ఊనాతో కలిసి బఠాణీలు ఒలిచింది, ఎందుకో అది గుర్తొచ్చింది.

దీపం వెలిగింది.

“హారిగన్ గారూ.”

ఆరేళ్లలో ఆమె నన్ను పెద్దాయనా అంది, ముసలాడా అంది, కోపం వస్తే మొండిఘటమా అంది. ఆ పిలుపు నాది కాదనిపించింది.

“చెప్పండి, డాక్టర్.”

“బండి వెళ్లిపోయింది. వ్యాసం నా దగ్గరే ఉంది. పళ్లెం ముట్టుకున్నారా?”

“ఒక్కటి పీకాను. మళ్లీ పెట్టాను. ముప్పై మూడు.”

అది ఎందుకు పీకానో ఆమెకు తెలిసిపోయే ఉంటుంది. అదీ తెలియనీ అనుకున్నాను.

“ఒకటో బెజ్జం నుంచి చదవండి. బెజ్జం నంబరు, పోగు రంగు, రంగులో దాని నంబరు. మెల్లగా.”

టార్చి పళ్ల మధ్య పెట్టుకున్నాను, తీసి చదివాను, మళ్లీ పెట్టుకున్నాను. ఒకటి, నారింజ, నాలుగు. రెండు, నారింజ, తొమ్మిది. ప్రతిదాన్నీ ఆమె తిరిగి చదివింది, గొంతులో ఏమీ లేకుండా. పెన్సిలు గీత వినిపిస్తోంది. తొమ్మిదో దాని దగ్గర ఆగింది. పదకొండో దాని దగ్గర మళ్లీ ఆగింది, అక్కడ ఎవరితోనో కాక తనతో తనే, “ఇదీ లోపలికే,” అంది. మలి ఈతవి ఒక్కొక్కటే నడిమికి నడిచి వస్తున్నాయి ఆమె పటంలో. నాకు కనిపించకపోయినా కనిపిస్తోంది. ఒకే మంద అది, మొదటినుంచీ ఒకే దొడ్డి, పెద్దవాటి ఊపిరి తగిలే చోట చిన్నవి. పాత లెక్క చెప్పిన చోటే. నా పేరున్న వాక్యం ఏ పేజీలో ఉందో నాకు తెలుసు, దాని మీదికి పెన్సిలు ఎప్పుడు వస్తుందా అని ఎదురుచూడలేదు, రానీ.

పద్దెనిమిదో దాని దగ్గర దీపాలు వచ్చేశాయి. ఒక్కసారిగా తెల్లటి వెలుతురు, కళ్లు మూసుకుపోయాయి. లిఫ్టు గుర్రుమని కదిలి పైకి వచ్చింది, బోను అంచుకి వచ్చి తలుపు తెరుచుకుంది, లోపల ఎవరూ లేరు.

“వచ్చేసింది, క్లెమ్,” డెస్ కిందనుంచి అరిచాడు, డబ్బాలో కాదు, నోటితోనే. “దిగరా. దిగు, పాపం గంటా పది నిమిషాలయింది.”

“ఆగు,” అన్నాను. “ఇంకా ఇరవై రెండు ఉన్నాయి.”